ఆటాడే పిల్లలకు బ్రాండ్ డబ్బు పాఠాలు: యూనివర్సిటీలో ఎలా మొదలుపెట్టాలి

మీ యూనివర్సిటీ అమ్మాయి ఒకరు సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో పతకం కొట్టిందనుకోండి. సాయంత్రానికే కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో తిరుగుతుంది. వారం తిరక్కుండా ఫోన్లు మొదలవుతాయి. ట్రంకు రోడ్డులో బట్టల షాపాయన "ఒక్క ఫొటో దిగమ్మా, ట్రాక్‌సూట్ ఫ్రీ" అంటాడు. జిమ్ నడిపే అన్న ప్రోటీన్ డబ్బా చేతిలో పెట్టి రీల్ చేయమంటాడు. హైవే పక్కన ప్లాట్లు వేసినాయన ఓపెనింగ్‌కు వస్తే ఐదు వేలు కవర్లో పెట్టి ఇస్తానంటాడు. పేరెప్పుడూ వినని గేమ్ యాప్ నుంచి ఇన్‌స్టాలో మెసేజ్ వస్తుంది. ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. నాన్న రొయ్యల చెరువు దగ్గర పని చేస్తాడు, అమ్మ కూలికి వెళ్తుంది. వచ్చిన నాలుగింటిలో ఏది తీసుకోవచ్చు, ఏది ప్రమాదం, ఏది ఏకంగా చట్టానికి వ్యతిరేకం అన్నది ఆ ఇంట్లో చెప్పగలిగినవాళ్లు లేరు.

చెప్పాల్సింది మీరే. ఫిజికల్ డైరెక్టరు (పీడీ), స్పోర్ట్స్ బోర్డు కార్యదర్శి, ప్రిన్సిపాల్, ఎవరైనా సరే. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ కావచ్చు, ఒంగోలులోని ఆంధ్రకేసరి యూనివర్సిటీ కావచ్చు, వాటి కింద చిన్న ఊళ్లలో ఉన్న డిగ్రీ కాలేజీలు కావచ్చు. దీనికి ప్రత్యేక బడ్జెట్ అక్కర్లేదు. ఒక పద్ధతి ఉంటే చాలు.

ఈ విషయంలో అందరూ చూసేది అమెరికా వైపు. 2021 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆల్‌స్టన్ కేసులో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. అదే ఏడాది జులై 1 నుంచి విద్యార్థి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపు మీద డబ్బు సంపాదించుకునే దారి తెరుచుకుంది. 2025 జూన్‌లో హౌస్ కేసు సెటిల్‌మెంట్‌తో ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా ఇవ్వడానికీ వీలు కలిగింది. 600 డాలర్లు, అంతకు పైబడిన బయటి ఒప్పందాన్ని చూపించి తీరాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. ఆ కోట్లతో మనకు పనిలేదు. ఆ 600 డాలర్ల నిబంధనను మాత్రం తప్పకుండా తెచ్చుకోవాలి: ఒప్పందం ఏదైనా సరే, యూనివర్సిటీకి చెప్పాకే. మన దగ్గర దాన్ని ఒక్క రూపాయి నుంచే పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు ఎంఎస్‌కు చాలామంది వెళ్తుంటారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు బయట పని చేసి సంపాదించడంపై కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. అక్కడి పిల్లలు చేస్తున్నారు కదా అని మనవాళ్లు ప్రమోషన్లు ఒప్పుకుంటే వీసాకే ఎసరు వస్తుంది.

ముందు మన ఫ్లెక్సీ సంగతి

పాఠం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మీ కాలేజీ గేటు దగ్గర అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ ఉందో చూడండి. పతకం తెచ్చిన పిల్లల ముఖాలే ఉంటాయి. వాళ్లను అడిగి వేశారా? రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా? చాలాచోట్ల తీసుకోరు. పిల్లలు కూడా అది గౌరవమే అనుకుని ఊరుకుంటారు. కానీ అది ప్రకటన. ఆ ముఖం చూసి అడ్మిషన్లు వస్తాయి, ఫీజులు వస్తాయి. "మీ ఫొటోకు విలువ ఉంది, ఊరికే ఇవ్వకండి" అని మనం చెప్పి, మనమే ఊరికే వాడుకుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు?

అందుకని మొదటి కాగితాన్ని మీరే తయారు చేయండి. ఒక్క పేజీ, తెలుగులో. ఏ ఫొటో, ఎక్కడ వాడతాం, ఎప్పటిదాకా వాడతాం, వద్దంటే ఎలా తీసేస్తాం. విద్యార్థి సంతకం, కాలేజీ సంతకం, ఇద్దరికీ చెరో కాపీ. చేతనైతే దానికి కొంత డబ్బో, స్పైక్సో (మేకుల పరుగు బూట్లు), ఫీజులో తగ్గింపో ఇవ్వండి. ఆ కాగితమే పిల్లల జీవితంలో మొదటి అగ్రిమెంటు అవుతుంది. సరైన అగ్రిమెంటు ఎలా ఉంటుందో వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

యూనివర్సిటీ ముద్ర గురించి కూడా ఇక్కడే చెప్పేయండి. విద్యార్థి తన ముఖాన్ని ఇవ్వగలడు కానీ యూనివర్సిటీ పేరు, లోగో, టీమ్ జెర్సీ అతని సొత్తు కావు. వాటితో ఫొటో దిగాలంటే ముందు అనుమతి అడగాలి.

సెమినార్ హాలు వద్దు

మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. ఏడాదికోసారి "అవగాహన సదస్సు" అని బ్యానరు కట్టి, ముఖ్య అతిథికి శాలువా కప్పి, మూడొందల మందిని కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడించడం. ఈ విషయంలో దానివల్ల పైసా ప్రయోజనం ఉండదని నా గట్టి నమ్మకం. అవసరం లేని రోజు విన్నది అవసరం వచ్చిన రోజుకు గుర్తుండదు.

ఆట పిల్లలు ఏడాదిలో కొన్నిసార్లు ఎలాగూ మీ ఎదుటికి వస్తారు. పాఠాన్ని ఆ రోజులకే కట్టండి. సెలక్షన్స్ రోజు ఎలిజిబిలిటీ ఫారం నింపించేటప్పుడు ఇరవై నిమిషాలు: ఎవరైనా డబ్బో వస్తువో ఇస్తామంటే ముందు మాకు చెప్పాలి, ఇవీ ఒప్పుకోకూడనివి. టోర్నమెంటుకు బయల్దేరే ముందు కిట్లు పంచేటప్పుడు ఇంకో పది నిమిషాలు: జెర్సీ మీద ఏ లోగో ఉండొచ్చో, అక్కడి నిర్వాహకుల నిబంధనలు ఏమిటో. ఒలింపిక్స్‌లో కూడా ఆటగాళ్ల సొంత స్పాన్సర్ల మీద రూల్ 40 పేరుతో పరిమితులు ఉంటాయని చెబితే, ఇది మన పీడీ సార్ చాదస్తం కాదని వాళ్లకు అర్థమవుతుంది. మూడోది పతకంతో తిరిగొచ్చిన వారం. ఇదే అసలైంది. ఆ వారంలో ఆ విద్యార్థినీ, ఇంట్లోవాళ్లనూ పిలిచి గంటసేపు కూర్చోండి. చివరిది ఫైనల్ ఇయర్‌లో, ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా కోసం ఫారం-3 (అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినట్టు ఇచ్చే ధ్రువపత్రం) మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చే రోజు.

నాలుగూ కలిపినా రెండు గంటలు దాటదు. కానీ సరైన రోజున చెబుతారు.

ఇంత ముందుగా ఎందుకు అంటారేమో. ఒంగోలు క్యాంపస్ ఆంధ్రకేసరి యూనివర్సిటీ కాకముందు ఆచార్య నాగార్జున యూనివర్సిటీ కింద ఉండేది. ఆ నాగార్జున యూనివర్సిటీ తరఫునే 2020 జనవరిలో మూడబిద్రి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పరుగెత్తింది. 2023లో ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. యూనివర్సిటీ మీట్‌కూ దేశమంతా తెలిసిన పేరుకూ మధ్య దూరం కొందరి విషయంలో ఇంతే. ఆ లోపు పెట్టిన సంతకాలు వాళ్ల వెంటే వస్తాయి.

అగ్రిమెంటు క్లాసు

పతకం వారంలో చేయాల్సింది ఉపన్యాసం కాదు, కాగితం చదవడం. ఒక నమూనా అగ్రిమెంటు ముందే తయారు చేసి పెట్టుకోండి. దానిలో కావాలనే నాలుగైదు చెడ్డ షరతులు పెట్టండి. విద్యార్థి చేతికి ఎర్ర పెన్ను ఇచ్చి, "నీకు నష్టం వచ్చేవాటి కింద గీత గీయి" అనండి.

ఉదాహరణకు ఇలాంటి వాక్యం పెట్టండి: "ఆటగాడి పేరు, ఫొటో, వీడియోలను ఏ మాధ్యమంలోనైనా, ఎంతకాలమైనా, అదనపు చెల్లింపు లేకుండా వాడుకునే హక్కు కంపెనీకి ఉంటుంది." చాలామంది దీన్ని దాటుకుని డబ్బు ఎంత రాశారో చూస్తారు. అప్పుడు ఆపి అడగండి. ఎంతకాలమైనా అంటే నీకు నలభై ఏళ్లు వచ్చాక కూడా ఈ ఫొటో వాడొచ్చు కదా? ఏ మాధ్యమంలోనైనా అంటే ఫ్లెక్సీ, పేపరు, టీవీ, యూట్యూబ్, రేపు వాళ్లు పెట్టబోయే ఇంకో వ్యాపారం కూడా కదా? రేపు నువ్వు ఆలిండియా గెలిస్తే పెద్ద కంపెనీ ఒకటి వస్తుంది. అప్పటికీ ఈ షాపు ఫ్లెక్సీ నడుస్తూనే ఉంటే వాళ్లు ఒప్పుకుంటారా?

తర్వాత అదే వాక్యాన్ని వాళ్లతోనే తిరగరాయించండి: "ఈ ఫొటో షూట్‌లో తీసిన ఫొటోలను, ఒక రీల్‌ను నెల్లూరు జిల్లాలోని షాపు ఫ్లెక్సీల మీద, షాపు ఇన్‌స్టా ఖాతాలో 2 నెలలు వాడుకోవచ్చు. గడువు తీరాక తీసేయాలి. ఇంకా కావాలంటే మళ్లీ మాట్లాడుకోవాలి." ఎక్కడ, ఎందులో, ఎన్నాళ్లు. ఈ మూడూ తనంతట తాను రాయగలిగిన పిల్ల ఇక సులువుగా మోసపోదు.

నమూనాలో మిగతా షరతులు ఇవి పెట్టొచ్చు: డబ్బు "కార్యక్రమం విజయవంతమైతే" ఇస్తాం అనడం (తేదీ ఉండాలి, సగం ముందే రావాలి). ఏడాదిపాటు ఇంకే బ్రాండూ చేయకూడదనడం (ఆ రకం సరుకు వరకే ఒప్పుకోవాలి. బట్టల షాపుకు ఫొటో ఇచ్చినంత మాత్రాన స్పైక్స్ కంపెనీతో మాట్లాడకూడదంటే ఎలా?). ఒప్పందం ముగిశాక కూడా పోటీ బ్రాండ్‌తో చేయకూడదనడం. ఈ చివరిది 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు నిలవడం కష్టమే. కానీ కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మన పిల్లలకు ఎక్కడిది? సంతకానికి ముందే కొట్టించాలి.

వయసు కూడా చూడండి. డిగ్రీ మొదటి ఏడాదిలో పదిహేడేళ్ల పిల్లలు ఉంటారు. 18 నిండనివారు చేసుకున్న ఒప్పందం మన చట్టం ముందు చెల్లదు. బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లో మొహరీ బీబీ కేసులో తేల్చిన సంగతి అది. తల్లిదండ్రులు ఉండాలి, కాగితం లాయరు చూడాలి. తొందరేమీ లేకపోతే పుట్టినరోజు దాకా ఆగడం అన్నిటికన్నా మేలు.

చివర్లో పది నిమిషాలు నాటకం వేయించండి. మీరే షాపు ఓనరు. "ఏం నాయనా, మన ఊరి వాడివి, మనలో మనకు కాగితాలేంది?" అని మొహమాట పెట్టండి. ఈ రెండు జిల్లాల్లో మన పిల్లల్ని పడగొట్టేది మోసం కన్నా మొహమాటమే ఎక్కువ. విద్యార్థి చెప్పాల్సిన జవాబు ఒక్కటే: "అన్నా, తప్పకుండా. వివరాలు వాట్సాప్‌లో పెట్టండి, ఇంట్లోనూ కాలేజీలోనూ చూపించి రేపు చెప్తాను." ఆ వాక్యం నోటికి వచ్చేదాకా అనిపించండి. మర్యాద పోకుండా ఒక రోజు గడువు దొరుకుతుంది. ఆ ఒక్క రోజు చాలు.

అభినందనల ఫ్లెక్సీ కూడా ప్రకటనే

మన దగ్గర అగ్రిమెంటు కన్నా ఎక్కువ జరిగేది ఇది. పతకం రాగానే అడగకుండానే "మా శుభాభినందనలు" అని షాపు పేరుతో ఫ్లెక్సీ వేస్తారు. అభిమానమే కావచ్చు. కానీ కింద షాపు అడ్రసు, ఫోన్ నంబరు, డిస్కౌంటు శాతం ఉంటే అది వ్యాపార ప్రకటన. 2021లో టోక్యో ఒలింపిక్స్ కాంస్యం తర్వాత పి.వి.సింధు పేరు, ఫొటోతో అభినందన ప్రకటనలు వేసుకున్న కొన్ని బ్రాండ్లకు ఆమె వ్యవహారాలు చూసే సంస్థ లీగల్ నోటీసులు పంపింది. మన పిల్లలు నోటీసులు పంపాల్సిన పనిలేదు. కాలేజీ తరఫున మీరు ఫోన్ చేసి, "ఫ్లెక్సీ బాగుంది, అమ్మాయికి స్పైక్స్ కొనిపెట్టండి, కాగితం రాసుకుందాం" అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. బంగారం షాపులవాళ్లు, రొయ్యల మేత డీలర్లు, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు ఆటకు డబ్బు పెట్టే మనసున్నవాళ్లే. అడిగే పద్ధతి తెలియాలి, అంతే.

నాయకుల ఫ్లెక్సీల సంగతి జాగ్రత్త. ఎమ్మెల్యేనో, ఇంకో నాయకుడో జెర్సీలు ఇప్పిస్తే తప్పేం లేదు. ఆ జెర్సీ వేసుకున్న ఫొటో ఎన్నికల నాడు ప్రచారం బోర్డు మీదికి ఎక్కకూడదు. ఊళ్లో రెండో వర్గం వాళ్లకు ఆ పిల్ల శత్రువు అయిపోతుంది. ఆ షరతు నోటిమాటగానైనా సరే, ముందే చెప్పించుకోండి.

ఒప్పుకోకూడనివి

ఇక్కడ బుజ్జగింపు వద్దు. బెట్టింగ్ యాప్, డబ్బు పెట్టి ఆడే గేమ్ యాప్ ఏదైనా సరే, వద్దు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు గేములకు ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. ఆ చట్టం వచ్చిన వారంలోనే టీమిండియా జెర్సీ మీద ఉన్న గేమ్ యాప్ డ్రీమ్11 పేరు తొలగిపోయింది. ఆ ఉదాహరణ చెప్పండి, పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. రెఫరల్ కోడ్ పంచినా ప్రచారమే, స్టోరీ పెట్టి ఇరవై నాలుగు గంటల్లో పోతుందనుకున్నా ప్రచారమే.

ప్రోటీన్ పౌడర్లు, బూస్టర్లు, పేరు లేని ఆయుర్వేద లేహ్యాలు. వీటి దగ్గర పోయేది డబ్బు కాదు, కెరీర్. డోపింగ్ నిబంధనల్లో ఒంట్లోకి వెళ్లిన ప్రతిదానికీ బాధ్యత ఆటగాడిదే. డబ్బా మీద రాయని పదార్థం అందులో కలిసి ఉన్నా, "నాకు తెలియదు" అన్నా, రెండేళ్లు నాలుగేళ్లు నిషేధం పడే ప్రమాదం ఉంటుంది. ప్రమోషన్ ఒప్పుకున్నవాడు ఆ డబ్బా వాడకుండా ఉండడు. జిమ్‌కు ప్రచారం చేయొచ్చు, డబ్బాకు వద్దు. ఈ గీత గట్టిగా గీయండి. మందుల సంగతి చూసుకోవడానికి నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వారి 'నో యువర్ మెడిసిన్' యాప్ ఫోన్లో వేయించండి.

ప్లాట్ల వెంచరు అయితే మొదట అడగాల్సింది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ అవసరమైన వెంచరుకు నంబరు రాకుండా ప్రకటనే ఇవ్వకూడదు. నంబరు లేని లేఅవుట్ ముందు నిలబడి "నేనూ ఇక్కడే కొన్నాను" అని చెప్పిన పిల్లవాడిని, రేపు డబ్బు పోయిన ఊరివాళ్లు వెతుక్కుంటూ వస్తారు. చిట్టీలు, స్కీములు, ఫైనాన్స్ కంపెనీలకూ ఇదే మాట.

తెలియని ఖాతా నుంచి "మిమ్మల్ని బ్రాండ్ అంబాసిడర్‌గా ఎంపిక చేశాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని వస్తే అది దొంగ వ్యవహారం. డబ్బు మనకు ఇవ్వాల్సినవాళ్లు మన దగ్గర అడగరు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

మంచి సరుకే అయినా రెండు నియమాలు నేర్పండి. ఒకటి, వాడని దాన్ని వాడానని చెప్పకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనలో ఉన్నవాళ్లకు కూడా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ప్రచారం చేయకుండా ఏడాది దాకా, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ఆపొచ్చు. విచారించుకుని చేశానని చూపించగలిగితే రక్షణ ఉంటుంది. అందుకే అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు ఫోన్లో దాచుకోమనండి. రెండోది, డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా వచ్చినా పోస్టులో ఆ సంగతి చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, ప్రచారం ఏ భాషలో ఉందో ఆ విషయం కూడా ఆ భాషలోనే చెప్పాలి, వీడియో అయితే వీడియోలోనే కనిపించాలి, వినిపించాలి. తెలుగు రీల్ మీద "ఇది ప్రకటన" అని పెద్ద అక్షరాల్లో రాసి, నోటితోనూ చెప్పమనండి.

డబ్బు చేతికి వచ్చాక

ముందు ఖాతా. డబ్బు విద్యార్థి సొంత బ్యాంకు ఖాతాలోకే రావాలి. కోచ్ ఫోన్‌పేకో, సీనియర్ ఫోన్‌పేకో కాదు. ఒప్పందం కుదిర్చినందుకు కోచ్‌కో, మధ్యవర్తికో వాటా ఇవ్వాల్సి వస్తే అది ఎంత శాతమో ముందే కాగితం మీద ఉండాలి. ఈ మాట కోచ్‌ల ముందే చెప్పండి, వెనకాల చెబితే గొడవలవుతాయి.

తర్వాత పాన్ కార్డు. 18 నిండకపోయినా తీసుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) 20 శాతం పట్టుకుంటారు.

పన్ను పాఠం ఒక్క లెక్కతో చెప్పండి. ఒక కుర్రాడికి ఏడాదిలో ఒక కంపెనీ 60,000 ఇచ్చింది. ఆటగాళ్లకిచ్చే ఇలాంటి ఫీజు ఒకే కంపెనీ నుంచి ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. 6,000 పోయి 54,000 ఖాతాలో పడింది. వాడికి ఇంకే ఆదాయమూ లేదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. 12 లక్షల దాకా రిబేటు (పన్ను మినహాయింపు) ఉంది. అంటే కట్టాల్సింది సున్నా. రిటర్న్ వేస్తే ఆ 6,000 వెనక్కి వస్తుంది, వేయకపోతే పోయినట్టే. పిల్లలు ఇక్కడ తల ఎత్తి వింటారు. చిన్న షాపువాళ్లు చాలామందికి టీడీఎస్ పట్టుకోవాల్సిన పని ఉండదు. అయినా వచ్చింది ఆదాయమే, రాసుకోవాలి.

వస్తువుల దగ్గర అందరూ పొరపాటు పడతారు. ప్రచారం చేసినందుకు ఒక షోరూమ్ లక్ష రూపాయల స్కూటీ ఇస్తే అది కూడా ఆదాయమే. ఒకరి నుంచి ఏడాదిలో వచ్చిన వస్తువుల విలువ 20,000 దాటితే దానికీ 10 శాతం టీడీఎస్ ఉంది. స్టేజీ మీద తాళం చెవి తీసుకునే ముందే ఆ పదివేలు ఎవరు కడతారో మాట్లాడుకోవాలి. షూట్‌కు వాడి తిరిగి ఇచ్చేసిన వస్తువు లెక్కలోకి రాదు.

సెక్షన్ల నంబర్లు మాత్రం పిల్లలకు చెప్పకండి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి, పాత 194జె, 194ఆర్ లాంటి నంబర్లన్నీ మారాయి. సూత్రం చెప్పండి, అంకెలు ఏటా ఏప్రిల్‌లో ఆడిటరు గారితో సరిచూయించుకోండి. జీఎస్టీ ఏడాదికి 20 లక్షలు దాటాకే. అది వచ్చినప్పుడు చూసుకుందాం.

ఇంట్లోవాళ్ల టెన్షన్ వేరే ఉంటుంది: "రిటర్న్ వేస్తే రేషన్ కార్డు పోతుందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుందా?" ఈ భయాన్ని కొట్టిపారేయకండి, చాలా ఇళ్లలో అదే అసలు ప్రశ్న. పన్ను కట్టడం వేరు, రిటర్న్ వేయడం వేరు అని ముందు వివరించండి. పథకాలకు కుటుంబ ఆదాయ పరిమితులు ఉంటాయి కాబట్టి, పెద్ద మొత్తం వచ్చేలా ఉంటే ఒప్పుకునే ముందే సచివాలయంలో అడిగి చూడమనండి. పదివేల ఫ్లెక్సీ డబ్బు కోసం చెల్లెలి ఫీజు పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అమ్మాయిల విషయంలో ఇంకొంచెం

షూట్ ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బట్టల్లో అన్నది ముందే రాతలో ఉండాలి. గ్రౌండులోనో, షాపులోనో పగటిపూటే చేయాలి. ఇంట్లోవాళ్లో, పీడీ మేడమో పక్కన ఉండాలి. హోటల్ గదిలో "లుక్ టెస్ట్" అంటే అక్కడితో మాటలు ఆపేయాలి. ఎడిట్ చేసిన ఫొటో చూపించి ఒప్పుకున్నాకే బయటపెట్టాలని కాగితంలో ఉండాలి. ఇవి అడిగితే అవకాశం పోతుందేమోనని భయపడతారు. ఇవి అడిగినందుకు వెళ్లిపోయే బ్రాండ్ పోతేనే మంచిది అని మీరు గట్టిగా చెప్పాలి. మీ నోట వింటేనే వాళ్లకు ధైర్యం వస్తుంది.

ఎవరిని పిలవాలి, ఎక్కడ రాయాలి

అన్నీ మీకే తెలియాలని లేదు. నెల్లూరులో ఐసీఏఐ (చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ) శాఖ ఉంది, ఏడాదికి ఒక పూట చార్టర్డ్ అకౌంటెంటును పంపమని అడగండి. దగ్గర్లోని లా కాలేజీ విద్యార్థులకు అగ్రిమెంట్లు చదివే పని అప్పగించండి, వాళ్లకూ అది మంచి అభ్యాసం. పెద్ద వివాదం వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.

స్పోర్ట్స్ ఆఫీసులో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. తేదీ, విద్యార్థి పేరు, ఎవరితో, దేనికి, ఎంత, ఎన్నాళ్లు. పక్కన అగ్రిమెంటు జిరాక్సు. ఇది నిఘా పెట్టడానికి కాదని స్పష్టంగా చెప్పండి. డబ్బు ఎంతో చూసి అసూయపడే సిబ్బంది చేతికి ఆ పుస్తకం పోకూడదు, బీరువా తాళం మీ దగ్గరే ఉండాలి. వచ్చినదాంట్లో టీమ్ ఖర్చులకంటూ యూనివర్సిటీ వాటా అడగడం అసలు వద్దు. ఒక్కసారి అడిగితే ఆ తర్వాత ఎవరూ వచ్చి చెప్పరు.

ఫైనల్ ఇయర్ విద్యార్థి ఫారం-3 కోసం వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి, ఇంకా నడుస్తున్న ఒప్పందాలు ఏవో చూడండి. పోలీసు, రైల్వే, ఇంకే ప్రభుత్వ శాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చినా అక్కడి ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. బయటి నుంచి డబ్బు తీసుకుని ప్రచారం చేయాలంటే శాఖ అనుమతి కావాలి. కాబట్టి గడువు మిగిలిన ప్రతి ఒప్పందానికీ "ప్రభుత్వ ఉద్యోగం వస్తే ముగుస్తుంది" అనే ఒక్క వాక్యం జత చేయించి, బ్రాండ్‌వాళ్ల సంతకం తీసుకుని, కాపీ ఆ విద్యార్థి సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టి పంపండి.